పాటిగడ్డ మీద జేసీబీ ఎక్కేముందు: హైదరాబాద్ చుట్టుపక్కల ఊర్ల సర్పంచులకు, గ్రామసభలకు బహిరంగ లేఖ

సర్పంచ్ అన్నలకు, అక్కలకు, వార్డు మెంబర్లకు, పంచాయతీ సెక్రటరీలకు, బొడ్రాయి కమిటీ పెద్దమనుషులకు, యూత్ సంఘాల తమ్ముళ్ళకు, చెల్లెండ్లకు నమస్తే.

ఆర్కియాలజీ చదువుకున్నదాన్ని, తార్నాకలో ఉంటున్న, పుట్టింది మాత్రం మీలాంటి ఊర్లోనే, రంగారెడ్డి జిల్లా. ఔటర్ అవతల ఇప్పుడు ఎటు చూసినా మన్ను పని నడుస్తున్నది, వెంచర్లు, రోడ్లు, రేపు రీజనల్ రింగ్ రోడ్డు, అందుకే ఈ లెటర్ ఇప్పుడే రాయాలనిపించింది. అడిగేది ఒక్కటే. మీ ఊరి పాటిగడ్డ, అంటే ఎనకట ఊరు ఉండిన దిబ్బ, దాని మన్ను ఎవ్వరికీ ఇవ్వకండి. ఊరికి తప్పని అవసరం వచ్చి తీయాల్సే వస్తే, కనీసం ఒక మూల ముట్టకుండా వదలండి, మిగతాది తీసేముందు తెలిసినోళ్ళని పిలిచి చూపియ్యండి. మీ ఊరికి ఎన్నేండ్లు అన్నదానికి జవాబు ఆ మన్నులోనే ఉన్నది.

పాటి అంటే ఏందో మీకు నేను చెప్పేదేం లేదు. వాగు ఒడ్డునో చెరువు కట్ట కిందనో, చుట్టూ చెల్కలన్నీ ఎర్రగా ఉంటే అక్కడ మాత్రం మన్ను బూడిద రంగులో మెత్తగా ఉంటది, ఆ జాగ కొంచెం ఎత్తుగా లేచి ఉంటది, నాగలి పెడితే కుండపెంకలు, గాజుముక్కలు, బొక్కలు తేల్తయ్. ముసలోళ్ళని అడిగితే ఎనకట ఊరు ఇక్కడనే ఉండె బిడ్డా, గత్తరొచ్చి లేచిపోయింది అంటరు. ఆ మన్ను పొలాలకు తోలుకునుడు తాతల కాలం నుంచి ఉన్నదే, నేను రైతుని తప్పు పట్టడానికి రాస్తలేను. అందులో బలం ఉన్న మాట నిజం, వందల ఏండ్లు మనుషులు, పశువులు బతికిన జాగ కాబట్టి పేడ, బూడిద, బొక్కలు అన్నీ కలిసి భాస్వరం బాగా పట్టి ఉంటది, తవ్వకాలు చేసేటోళ్ళు కూడా మట్టిలో భాస్వరం ఎక్కడ ఎక్కువుందో టెస్ట్ చేసి పాత ఊరు ఎక్కడిదాకా ఉండెనో గుర్తుపడతరు. కానీ ఎడ్లబండ్లతోటి తీసిన రోజుల్లో ఒక గడ్డ తరగాలంటే ఎన్ని తరాలైనా పట్టేది. ఇప్పుడు ఒక జేసీబీ, నాలుగు టిప్పర్లు ఉంటే మూడు రాత్రుల్లో ఖతం.

మా ఊరి పాటి అట్లనే పోయింది. వెంచర్ లెవెల్ చేయడానికి మన్ను కావాల్నని తీస్కపోయిండ్రు, అడిగినోళ్ళు లేరు. సగం తీసినంక నేను పోయి చూసిన. జేసీబీ బకెట్ నిలువుగా కోసిన గోడ ఒకటి మిగిలింది, మనిషికి ఒకటిన్నర ఎత్తు ఉంటది. ఆ గోడ ముందర కూసోని కింది నుంచి పైదాకా చూస్తే ఎవరికైనా అర్థమైతది. అన్నింటికంటే కింద మొరం, ఎవ్వరూ ముట్టని అసలు నేల. దాని మీద సన్నటి నల్లటి పొర, అందులో బొగ్గు ముక్కలు, లోపల నలుపు బయట ఎరుపు ఉండే కుండపెంకలు. ఆ పైన ఎర్రమన్ను గట్టిగా కొట్టిన నేల, దాని మీద అలుకు మీద అలుకు, సన్నటి గీతలు ఒకదాని మీద ఒకటి, ఎవరో ఒకామె ఏండ్లకేండ్లు ఆ ఇల్లు అలికింది. ఒక పక్కకి మూడు రాళ్ళ పొయ్యి, రాళ్ళు లోపలి వైపు మాత్రమే కాలి ఉన్నయ్, పక్కన బూడిద కుప్ప. ఇంకా పైకి పోతే పెద్ద పెద్ద ఇటుకల ముక్కలు, ఆ తర్వాత మళ్ళా ఇసుకలాంటి పొర, అందులో ఏమీ లేదు, అంటే కొంతకాలం అక్కడ ఎవ్వరూ లేరన్నట్టు. దాని పైన మళ్ళా ఇండ్లు, పచ్చటి గాజు ముక్కలు, మట్టి చిలుం ముక్క. వీటన్నింటినీ చీల్చుకుంట పైనుంచి కిందిదాకా దిగిన ఒక గుండ్రటి గుంట, అది జొన్నలు దాచుకున్న పాతర.

చూడండి, ఆ ఒక్క గోడలో ఊరు పుట్టింది, కాలింది, లేచిపోయింది, మళ్ళా వచ్చింది, అన్నీ ఉన్నయ్. ఇది సర్వే సెటిల్మెంట్‌లో లేదు, ఏ కచేరీ రికార్డులో లేదు. వారం తర్వాత మళ్ళా పోతే ఆ గోడ లేదు.

ఇప్పుడు అసలు సంగతి. మన్ను అంతా ఎటూ పోలేదు కదా, వెంచర్‌లోనే ఉన్నది కదా, పెంకలు కూడా అండ్లనే ఉన్నయ్ కదా, కావాలంటే ఏరుకోండి అని ఒక పెద్దమనిషి నాతోటి అన్నడు. పెంక దొరుకుతది, నిజమే. కానీ ఏ పొర కింద ఏ పొర ఉండెనో, ఏ పెంక పక్కన ఏ బొగ్గు ఉండెనో అది పోయింది. పంచాయతీ ఆఫీసులో ఇంటి పన్ను రసీదులన్నీ ఉండి, వాటి మీద తేదీలు, ఇంటి నంబర్లు మాత్రం చింపేసి గోనెసంచిలో కలిపిస్తే ఎవరు ఎప్పుడు కట్టిండ్రో ఎట్ల చెప్తరు? వయసు అనేది వస్తువులో సగమే ఉంటది, మిగతా సగం అది పడి ఉన్న జాగలో ఉంటది.

వయసు ఎట్ల తీస్తరో కొంచెం చెప్తా, ఇది తెలిస్తే మన్ను ఎందుకు ముట్టొద్దంటున్ననో మీకే తెలుస్తది.

మొట్టమొదటిది పొరల వరస. కిందిది ముందు, పైది తర్వాత. దీనికి ల్యాబ్ అక్కర లేదు, కన్నుంటే చాలు. కాకపోతే పాతర, బావి, ఎలుక బొక్క, చెట్టు వేరు ఇవన్నీ మోసం చేస్తయ్. మా ఊరి గోడలో పాతర అడుగున ఒక గోల్కొండ కాలపు పైస దొరికింది అనుకోండి, అది ఉన్నది మొరం దగ్గర్నే, అయినా పాతర నోరు పైపొరలో ఉంది కాబట్టి ఆ పైస పైపొరదే. గోడ కనపడకపోతే, అరే ఇంత లోతులో దొరికింది, కింది పొర గోల్కొండ కాలందే అని రాసేస్తరు, వెయ్యేండ్ల పైన తేడా కొడ్తది.

రెండోది, వస్తువుల కాలం. కుండల తీరు కాలం కాలానికి మారుతది. చెయ్యితోటి చేసిన బూడిదరంగు కుండలు కొత్త రాతియుగానివి, నలుపు-ఎరుపు కుండలు ఎక్కువగా ఇనుప యుగం నుంచి శాతవాహనుల దాకా కనిపిస్తయ్, పెద్ద సైజు ఇటుకలు శాతవాహనుల కాలం నుంచి కనపడతయ్. చిలుం ముక్క దొరికితే ఆ పొర ఇంచుమించు 1600 తర్వాతదే అయ్యుండాలె, ఎందుకంటే పొగాకు మనకి పోర్చుగీసోళ్ళ ద్వారా వచ్చిన పంట, మిరపకాయ, పల్లీ కూడా అంతే. నాణెం సంగతి ఇంకా జాగ్రత్త. నాణెం ఏం చెప్తదంటే ఈ పొర నాకంటే ముందుది కాదు అని మాత్రమే చెప్తది, ఎంత తర్వాతదో చెప్పదు, పాత పైసలు వందేండ్లు కూడా చేతులు మారుతయ్, ఇంట్ల దాచిపెడితే ఇంకా ఎక్కువ.

మూడోది కార్బన్ డేటింగ్, ఈ పేరు అందరూ విన్నదే. చెట్టు, గింజ, పశువు, మనిషి బతికున్నంత కాలం కార్బన్-14ని లోపలికి తీసుకుంటనే ఉంటయ్, పానం పోయిన నాటి నుంచి అది తగ్గుకుంట వస్తది, 5,730 ఏండ్లకు సగం అయితది, ఎంత మిగిలిందో కొలిస్తే ఎప్పుడు చచ్చిందో తెలుస్తది. 1940ల చివర్లో విల్లార్డ్ లిబ్బీ అనే అమెరికా సైంటిస్ట్ ఈ పద్ధతి తెచ్చిండు, 1960లో దానికి నోబెల్ వచ్చింది. చాలామంది మా గుడి బండకి కార్బన్ టెస్ట్ చేయించండి అని అడుగుతరు. బండకి కాదండి అది, బండ ఎన్నడూ బతికిలేదు. గుడి మండపం కింద పునాది మట్టిలో ఒక మాడిన జొన్న గింజ దొరికితే దానికి అయితది. ఆ గింజ కూడా ఏ పొరలో దొరికిందో తెలిస్తేనే దాని తేదీకి విలువ, లేకపోతే అది ఒక ముసలి గింజ, అంతే.

ఇందులో ఇంకో మెలిక ఉన్నది, ఇది ఊర్లలో తవ్వినప్పుడు చాలా ముఖ్యం. ఇల్లు కాలిపోయి దూలం బొగ్గయింది అనుకోండి. ఆ టేకు చెట్టు వందేండ్లు పెరిగి ఉండొచ్చు, లోపలి చేవ కార్బన్ తీసుకునుడు చెట్టు నరికేటప్పటికే ఎప్పుడో ఆపేసి ఉంటది, పైగా మనోళ్ళు పాత ఇల్లు కూలగొట్టి అదే దూలం కొత్తింటికి ఎక్కిస్తరు, ఇప్పటికీ ఎక్కిస్తరు. అందుకే దూలం బొగ్గు తేదీ ఇంటి వయసు కంటే వంద, రెండువందల ఏండ్లు పాతదిగా రావచ్చు. గింజ అట్ల కాదు, ఒక్క పంటకాలమే బతికింది. దక్షిణాది కొత్త రాతియుగపు ఊర్లల్లో మాడిన ఉలవలు, పెసలు, అండుకొర్రలు దొరికినయ్ అంటే అవి వాళ్ళు ఏం తిన్నరో చెప్పడమే కాదు, ఎప్పుడు తిన్నరో కూడా చెప్తయ్. ఆ గింజలు కంటికి సరిగా కనపడవు, పొర మట్టిని నీళ్ళల్లో కలిపి పైకి తేలినవి సన్నటి జల్లెడ పట్టి తీయాలె. టిప్పర్లో పోసిన మన్నులో అది కుదరదు.

ఇంకో కష్టం, మన తెలంగాణ ఇనుప యుగానికి ఇది సరిగ్గా తగులుతది. గాలిలో కార్బన్-14 అన్ని కాలాల్లో ఒక్క తీరు లేదు, అందుకని ల్యాబ్‌లో వచ్చిన లెక్కని చెట్ల వలయాల లెక్కతోటి సరిచూసుకుంటరు. క్రీ.పూ. 800 నుంచి 400 దాకా ఆ సరిచూసే గీత ఇంచుమించు చదునుగా ఉంటది, అందుకే ఆ నాలుగువందల ఏండ్లలో గింజ ఎప్పటిదైనా జవాబు దాదాపు ఒక్కటే వస్తది. మరి ఎట్ల? ఒకదాని మీద ఒకటి ఉన్న పొరల నుంచి నాలుగైదు శాంపిళ్ళు తీసి, ఇది దాని కింద ఉంది కాబట్టి దీని కంటే ముందుది అని కలిపి లెక్క కడితే అప్పుడు తేదీ దగ్గరికి వస్తది. మళ్ళా చూడండి, ల్యాబ్ ఎంత గొప్పదైనా ఆఖరికి ఆధారపడేది మన్ను వరస మీదనే. తమిళనాడు కీళడిలో 353 సెంటీమీటర్ల లోతు బొగ్గు క్రీ.పూ. 580 అని, 200 సెంటీమీటర్ల లోతుది క్రీ.పూ. 205 అని 2019లో రిపోర్ట్ ఇచ్చిండ్రు, దేశమంతా మాట్లాడుకున్నది. ఆ లోతులు కొలిచి రాసుకున్నరు కాబట్టే ఆ తేదీల మీద మాట్లాడుకోడానికి, వాదించుకోడానికి వీలయింది.

నాలుగోది ఓఎస్ఎల్ అని ఉంది, మట్టిలో ఉండే స్ఫటికం రేణువులు ఆఖరుసారి వెలుతురు చూసింది ఎప్పుడో, లేదా కుండ ఆఖరుసారి కాలింది ఎప్పుడో చెప్తది. దీనికి గోడలోకి ఇనుప పైపు కొట్టి, వెలుతురు తగలకుండా రెండు దిక్కులా మూసి, నల్లటి కవర్లో చుట్టి తీస్కపోతరు. మట్టి ఒక్కసారి ఎండకు బోర్లిస్తే దాని గడియారం మళ్ళా సున్నాకి వస్తది. కుండ అయితే చుట్టూ ఉన్న మట్టి కూడా కావాలె, ఎందుకంటే ఆ మట్టి నుంచి ఏడాదికి ఎంత రేడియేషన్ తగిలిందో లెక్కేయాలె. ఎవరైనా కుండ దొరికిందని ఇంటికి తెచ్చి కడిగి అల్మారీలో పెట్టుకున్నరంటే చూడ్డానికి ముచ్చటగానే ఉంటది, లెక్క మాత్రం సగానికి పైగా పోయినట్టే.

ఇదంతా ఎక్కడో ఢిల్లీ ముచ్చట కాదు. గచ్చిబౌలిలో హైదరాబాద్ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఆర్కియాలజీ ప్రొఫెసర్ కె.పి. రావు గారి టీమ్ రాకాసి గుళ్ళు, అంటే ఇనుప యుగపు బండల సమాధులు, తవ్వితే ఇనుప కత్తులు దొరికినయ్, అక్కడి కుండపెంకల మీద ఓఎస్ఎల్ చేయిస్తే క్రీ.పూ. 2000కి అటుఇటుగా తేదీలు వచ్చినయ్, ఇనుము అంత పాతదా అని స్కాలర్ల మధ్య వాదన నడిచింది. కీసరగుట్ట బండ మీద తొలచువాండ్రు, అంటే రాయి తొలిచేటోళ్ళు, అని చెక్కిన తెలుగు అక్షరాలు 5వ శతాబ్దం ప్రాంతంవి, గుట్ట మీద విష్ణుకుండినుల కాలపు ఇటుక కట్టడాలు బయటపడ్డయ్. దిల్‌సుఖ్‌నగర్ పక్కన చైతన్యపురిలో, మూసీ ఒడ్డు బండ మీద, గోవిందరాజ విహారం అనే బౌద్ధ విహారం గురించి చెప్పే ప్రాకృత శాసనం ఉన్నది, రోజూ మెట్రో ఎక్కేటోళ్ళకు తెలియదు. సంగారెడ్డి దగ్గరి కొండాపూర్, హైటెక్ సిటీ పక్కన ఉండేది కాదు, అక్కడ 1940ల మొదట్లో నిజాం సర్కారు పురావస్తు శాఖ డైరెక్టర్ గులాం యాజ్దానీ శాతవాహనుల పట్నాన్ని తవ్విండు, ఇప్పుడు అక్కడ మ్యూజియం ఉన్నది.

కానీ ఈ లిస్టు ఒక్కసారి మళ్ళా చూడండి. సమాధులు, విహారం, గుట్ట, పట్నం. మామూలు ఊరు ఏది? రాకాసి గుళ్ళు కట్టినోళ్ళు అంతంత బండలు ఎత్తి సమాధులు కట్టిండ్రు, సిద్దిపేట జిల్లా నర్మెట్టలో 2017లో తవ్వినప్పుడు మూతబండ లేపడానికి క్రేన్ తేవాల్సి వచ్చింది, మరి వాళ్ళు ఎక్కడ పండుకున్నరు, ఎక్కడ వండుకున్నరు, వాళ్ళ పశువుల కొట్టం ఎక్కడ? దక్కన్ మొత్తం మీద ఆ కాలపు సమాధులు దొరికినన్ని ఊర్లు దొరకలేదు. రాయి నిలుస్తది, మట్టిగోడ కరిగి పాటి అయితది, ఆ పాటిని మనం పొలాలకు తోలుకుంటం. తవ్విన కొన్ని చోట్ల ఎంత తెలిసిందో కూడా చూడండి. పెద్దపల్లి దగ్గర పెద్దబంకూరులో బావులు, ఇటుక ఇండ్లు, దాదాపు 22 వేల నాణేలు దొరికినయ్. జగిత్యాల జిల్లా కోటిలింగాలలో దొరికిన శాతవాహనుల మొదటి రాజు సిముకుని నాణేలతోటి శాతవాహనులు మొదలైంది ఎక్కడ అనే చర్చే మారిపోయింది. అది గోదావరి ఒడ్డున ఒక పాటిగడ్డనే. మక్తల్ దిక్కు ఉట్నూరులో, ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, 1957లో ఆల్చిన్ అనే బ్రిటిష్ ప్రొఫెసర్ ఒక బూడిద దిబ్బ తవ్వితే, కాలిన పేడ పొరల నడుమ పశువుల డెక్కల గుర్తులు అట్లనే ఉన్నయ్, నాలుగు వేల ఏండ్లకు పైబడిన గొడ్లదొడ్డి అది. బూడిద అనుకోని ఎవరైనా తోలుకపోయి ఉంటే ఆ డెక్కలు లేవు.

ఊరి కమాన్ల మీద, జాతర ఫ్లెక్సీల మీద రాసే వెయ్యేండ్ల చరిత్ర గురించి కూడా ఒక మాట చెప్పాలె, కోపం చేసుకోకండి. గుడి వయసు ఊరి వయసు కాదు. గుడి ముందర శాసనంలో శక సంవత్సరం 1100 అని ఉంటే దానికి 78 కలపండి, 1178, అంటే కాకతీయుల కాలం. ఆ ఏడు ఆ ఊరు ఉన్నదని మాత్రం అది ఖాయంగా చెప్తది, ఊరు అప్పుడే పుట్టిందా, వెయ్యేండ్ల ముందు నుంచే ఉన్నదా అనేది చెప్పదు. తిప్పి చూస్తే, పాత గుడి ఉన్నా ఇప్పటి ఊరు మూడువందల ఏండ్ల కింద వేరే చోటి నుంచి లేచొచ్చి అక్కడ కూసున్నదే కావచ్చు. గత్తర, కరువు, కట్ట తెగుడు, బావులు ఎండుడు, ఊర్లు కదలడానికి కారణాలు మస్తు. రేపు పాటిలో తవ్వి చూసినంక మీ ఊరు మీరనుకున్నంత పాతది కాదు, నాలుగువందల ఏండ్లే అని తేలినా బాధపడకండి. నాకు అడిగితే అది కూడా గొప్ప సంగతే, కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ చుట్టుపక్కల ఊర్లు ఎట్ల పుట్టినయ్, ఎవరెవరొచ్చి ఉన్నరు, ఏ చెరువు కింద ఏం పండించిండ్రు అనేది మనకి ఇప్పటికీ సరిగా తెలియదు, పుస్తకాలల్లో కోటల సంగతే ఉన్నది.

గుప్తనిధుల పిచ్చి గురించి ఎక్కువ రాయను. అమావాస్య రాత్రి మేకపోతుతోటి వచ్చి బొడ్రాయి పక్కన, పాత గుళ్ళ గద్దెల కింద తవ్వేటోళ్ళు మీ ఊర్లకి కూడా వచ్చే ఉంటరు. పాటిలో ఉండేది బంగారం కాదు. మొన్న 2024లో సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో ఒక కుండ నిండా నాణేలు దొరికినయ్, 3,730, అన్నీ సీసంవి. కరిగిస్తే తూకానికి కూడా పెద్దగా రావు, కానీ సర్కారు టీమ్ పద్ధతి ప్రకారం తీసింది కాబట్టి అది ఏ లోతులో, ఏ గది దగ్గర, ఎట్ల మూత పెట్టి దాచిండ్రో రాసి ఉన్నది, శాతవాహనుల తర్వాత ఏలిన ఇక్ష్వాకుల కాలం లెక్కల్లో పనికొస్తది. ఒకవేళ ఎవరి పొలంలో అన్నా అట్లాంటిది తగిలితే, 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా అమల్లోనే ఉంది, పది రూపాయల విలువ దాటిన ఏదైనా కలెక్టర్‌కి చెప్పాలె, చెప్పకపోతే కేసు. చెప్పినోళ్ళకు అందులో వాటా గురించి కూడా ఆ చట్టంలోనే ఉన్నది, ఇది మాత్రం మన రైతులకు ఎవ్వరూ చెప్పరు.

మరి సర్కారు కాపాడదా అంటరు. 2017లో తెలంగాణ హెరిటేజ్ చట్టం వచ్చింది, మంచిదే, కానీ కాపాడేది నోటిఫై చేసిన జాగలని. మీ ఊరి పాటి ఏ లిస్టులో లేదు. రెవెన్యూ రికార్డులో పోరంబోకు అనో, గ్రామకంఠం అనో, లేదా ఎవరో ఒకరి పట్టా అనో ఉంటది, అంతే. వెయ్యి ఊర్ల పాటిగడ్డలకి ఏ శాఖ కూడా వాచ్‌మన్‌ని పెట్టలేదు. అందుకే ఈ లెటర్ మంత్రికి రాయలేదు, మీకు రాస్తున్న. మన్ను తీయడానికి వచ్చేటోడు ముందుగాల కలిసేది మిమ్మల్నే.

చేయాల్సింది పెద్ద ఖర్చు పని కాదు. ముందు మీ పాటి ఎక్కడెక్కడ ఉందో ముసలోళ్ళని అడిగి సర్వే నంబర్లు రాసి గ్రామసభలో తీర్మానం చేయండి, ఇది పాత ఊరి జాగ, మన్ను తీయడానికి ఇక్కడ పర్మిషన్ లేదు అని మినిట్స్ బుక్కులో ఎక్కించండి. పట్టా భూమిలో ఉంటే ఆ రైతుతోటి కూసోని మాట్లాడండి, దున్నుకుంటే పెద్ద నష్టం లేదు, లోతుగా తవ్వుడే నష్టం, పైన జానెడు మన్ను ఎట్లాగూ కలిసిపోయినదే. ఇప్పటికే సగం పోయిన పాటి అయితే ఇంకా మంచి అవకాశం ఒకటి ఉన్నది, ఆ కోసిన గోడనే చదవొచ్చు, కొత్తగా తవ్వాల్సిన పని కూడా ఉండదు. వానలు పడి అది కూలకముందే ఫోన్‌తోటి ఫొటోలు తీయండి, పక్కన ఒక టేపో, పొడుగు కట్టెనో నిలబెట్టి తీయండి, ఏ దిక్కుకి ఉన్న గోడనో రాయండి. పైపులైన్‌కో, సెప్టిక్ ట్యాంక్‌కో, కరెంటు స్తంభానికో ఊర్లో గుంట తవ్వినప్పుడల్లా ఇదే పని చేయొచ్చు, చాలా ఊర్లల్లో పాత ఊరు ఇప్పటి ఇండ్ల కిందనే ఉంటది. బొడ్రాయి మళ్ళా ప్రతిష్ఠ చేసేటప్పుడు పాత గుంటని పూజారి, పెద్దల సమ్మతితోటి ఒక్కసారి ఫొటో తీసి, మన్ను రంగు ఎక్కడ మారిందో రాసి పెట్టండి, పండుగకి దానివల్ల ఏ అడ్డం ఉండదు. పెంకలు ఏరితే ఏ జాగలో ఏరిండ్రో ఆ చిట్టీతోటి సహా కవర్లో పెట్టండి, కడగకండి. మనుషుల బొక్కలు కనపడితే అస్సలు ముట్టకండి, హబ్సిగూడలోని సీసీఎంబీ ల్యాబ్‌లో పాత బొక్కల్లోంచి డీఎన్ఏ తీసే శాస్త్రవేత్తలు ఉన్నరు, మన చేతుల డీఎన్ఏ అంటుకుంటే వాళ్ళ పని పాడైతది.

ఆ తర్వాత పిలవండి. ఉస్మానియాలో ఆర్కియాలజీ డిపార్ట్‌మెంట్ ఉన్నది, సెంట్రల్ యూనివర్సిటీలో చెప్పేటోళ్ళు ఉన్నరు, రాష్ట్ర హెరిటేజ్ శాఖ ఉన్నది. తవ్వాలంటే లైసెన్స్ కావాలె, అది వాళ్ళ పని, మనం మాత్రం పార పట్టొద్దు, ఎంత ఆసక్తి ఉన్నా పట్టొద్దు. ఒక్కటే ఒక్క చిన్న ట్రెంచ్, పై నుంచి మొరం దాకా దిగేది, అందులోంచి నాలుగైదు గింజల శాంపిళ్ళు కార్బన్ డేటింగ్ చేసే ల్యాబ్‌లకు, లక్నో బీర్బల్ సాహ్నికో, ఢిల్లీ ఐయూఏసీకో పోతే చాలు, మీ ఊరి వయసు తేలడానికి గడ్డ మొత్తం తవ్వాల్సిన పని లేదు. మొత్తం తవ్వకపోవడమే మంచిది, ముందు ముందు ఇంకా మెరుగైన పద్ధతులు వస్తయ్, వాళ్ళకి కూడా కొంత మిగలాలె.

ఇది కుదరదు అనేటోళ్ళకు నాగార్జునకొండ గుర్తు చేస్తా. సాగర్ నీళ్ళు వచ్చి లోయ మొత్తం మునిగేముందు, 1954 నుంచి 1960 దాకా, కష్టపడి తవ్విండ్రు, పాత రాతియుగం నుంచి మధ్యయుగం దాకా ఏముందో రాసుకున్నరు, కట్టడాలు కొన్ని ఊడదీసి గుట్ట మీద మళ్ళా కట్టిండ్రు, మన నల్లగొండ దిక్కు ఏలేశ్వరం కూడా అట్లనే మునగకముందే తవ్విండ్రు. డ్యాం ఆగలేదు, చరిత్ర కూడా పూర్తిగా పోలేదు. అరవై డెబ్భై ఏండ్ల కింద, కొత్తగా స్వతంత్రం వచ్చిన బీద దేశం చేయగలిగిన పని ఇది. ఎకరం కోట్లు పలికే ఊర్లల్లో మనం ఒక మూల వదలలేమా?

ఎండాకాలం మన్ను తోలకాలు మొదలుకాకముందు జరిగే గ్రామసభలో ఈ ముచ్చట ఎజెండాలో పెట్టండి. తీర్మానం ఎట్ల రాయాలో తెలియకపోతే నేను రాసిస్తా. ఏ పార్టీ సర్పంచ్ అయినా సరే, పిలిస్తే ఆదివారం పూట వచ్చి మీతోపాటు గడ్డ చుట్టూ తిరిగి హద్దులు గుర్తుపట్టిస్తా, స్కూలు పిల్లల్ని కూడా తీసుకరండి, వాళ్ళకి పెంకలు చూపించి ఏది ఏ కాలందో చెప్పుడు నాకు ఇష్టమైన పని.

ఇట్లు,
మీ పక్క ఊరి ఆడబిడ్డ,
తార్నాక, హైదరాబాద్